తుఫాను తప్పిందట!

"ఏమీ కాలేదు కదండీ! ఊరికే హడావుడి చేశారు."

ఫ్లోరిడాలో తుఫాను పక్కనుంచి వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్న ఎవరిని పలకరించినా ఈ మాటే వినబడుతుంది. కిటికీలకి కొట్టిన ప్లైవుడ్ ఊడదీస్తున్న పక్కింటాయన అంటాడు. హోటల్లో స్విమ్మింగ్ పూల్ ఇంకా తెరవలేదని విసుక్కుంటున్న టూరిస్టు అంటాడు. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అయితే ఈ మాటకి రెండు నమస్కారాల బొమ్మలు, ఒక వెంకటేశ్వరస్వామి ఫోటో జతవుతాయి. పద్దెనిమిదేళ్ళకి పైగా టాంపాలో ఉంటున్నాను. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు తుఫాను తప్పింది ఎవరికి? 2022 సెప్టెంబర్‌లో ఇయన్ వస్తున్నప్పుడు రెండు రోజుల ముందు దాకా టీవీలో గీసిన గీత టాంపా పక్కనే ఉంది. ఆ తర్వాత దక్షిణానికి జరిగింది. 28వ తేదీ మధ్యాహ్నం కాయో కోస్టా దీవి దగ్గర ఒడ్డెక్కింది. ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో నీళ్ళు పది నుంచి పదిహేను అడుగుల ఎత్తు లేచాయి. ఫ్లోరిడాలో దాదాపు 150 మంది పోయారు. ఆ రోజు నవరాత్రుల్లో మూడో రోజు. "అమ్మవారు మనల్ని కాపాడింది" అంటూ మా గ్రూపులో సందేశాల మీద సందేశాలు. అమ్మవారి మీద నాకు భక్తి తక్కువేం కాదు. కాని టాంపా నుంచి కారులో రెండు గంటలు వెడితే వచ్చే ఫోర్ట్ మయర్స్‌లోనూ మనవాళ్ళున్నారు, అక్కడా దీపాలు పెట్టుకున్నారు. వాళ్ళ అమ్మవారు వేరా?

అంతకు పద్దెనిమిదేళ్ళ ముందు, 2004 ఆగస్టు 13న, ఛార్లీ కూడా టాంపాకే వస్తుందన్నారు. అదీ చివర్లో కుడివైపు తిరిగి దాదాపు అదే కాయో కోస్టా దగ్గర నేలెక్కి పుంటా గోర్డాని పిండి చేసింది. టాంపా ఊపిరి పీల్చుకుంది. 1921 తర్వాత పెద్ద తుఫాను ఏదీ సరాసరి ఈ ఊరి మీదికి రాలేదు. అందుకని ఇక్కడో నమ్మకం పుట్టింది: పూర్వం ఈ తీరాన ఉన్న టోకోబాగా తెగవాళ్ళు కట్టిన మట్టి దిబ్బలు ఊరిని కాస్తున్నాయని. మన విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ ఉండగా తుఫాను ఊరి జోలికి రాదనేవాళ్ళు నాకు తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి విమానాశ్రయం పైకప్పు చీల్చేదాకా అన్నారు. 1921లో టాంపా జనాభా యాభై వేల చిల్లర. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి ముప్ఫై లక్షలు దాటింది. దిబ్బల మీద భారం కాస్త ఎక్కువైంది.

ఇంకా దారుణం డోరియన్ సంగతి. 2019 లేబర్ డే సెలవుల్లో అది ఫ్లోరిడా తూర్పు తీరానికి వస్తోందన్నారు. రాలేదు. ఎందుకు రాలేదు? దారిలో బహామాస్ మీద ఆగిపోయింది కాబట్టి. గంటకి 185 మైళ్ళ గాలితో అబాకో దీవుల మీద దిగి, గ్రాండ్ బహామా మీద ఒక రోజుకి పైగా కదలకుండా కూర్చుంది. అధికారిక లెక్కకే 70 మందికి పైగా చచ్చిపోయారు, ఇంకో రెండు వందలమందికి పైగా ఆచూకీ లేరు. అబాకోలో హైతీ నుంచి వలస వచ్చినవాళ్ళు రేకులూ చెక్కలూ కొట్టుకుని బతికే బస్తీలు ఆనవాలు లేకుండా పోయాయి. కాగితాలు సరిగ్గా లేని వలసవాళ్ళని లెక్కేసేవాళ్ళెవరు? గ్రాండ్ బహామా పడమటి కొనకీ మన పామ్ బీచ్‌కీ మధ్య వంద కిలోమీటర్లు లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసులో ఒకాయన, కొన్న మంచినీళ్ళ సీసాలన్నీ వృథా అయ్యాయని బాధపడ్డాడు.

ఇలాంటివాళ్ళకి 'నాన్నా పులి' కథ చాలా ఇష్టం. "ప్రతిసారీ పులి పులి అంటారు, ఎప్పుడూ రాదు. ఇంకెవరు నమ్ముతారు?" అంటారు. అయ్యా, ఆ కథలో పిల్లవాడు అబద్ధమాడాడు. అక్కడ పులి లేదు. ఇక్కడ పులి ఉంది, ఊళ్ళోకి వచ్చింది, పక్కింట్లో దూరింది. పక్కింట్లో ఏడుపులు వినబడుతూంటే మనం అరుగు మీద కూర్చుని "చూశారా, పులి లేదన్నానా?" అంటున్నాం.

కంప్యూటర్లతో బతికేవాణ్ణి గనక నా వృత్తి ముక్క ఒకటి చెప్పుకోవాలి. హరికేన్ సెంటర్ వాళ్ళు చూపించే ఆ తెల్లటి గరాటు బొమ్మని జనం తుఫాను వెడల్పు అనుకుంటారు. అది తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చెప్పే బొమ్మ. వెనకటి కొన్నేళ్ళ అంచనాల్లో దొర్లిన తేడాలు కొలిచి, మూడింట రెండుసార్లు కేంద్రం లోపలే ఉండేటట్టు గీస్తారు. అంటే మూడింట ఒకసారి కేంద్రం బయటికి పోతుందని వాళ్ళే ముందుగా చెబుతున్నారు. గాలీ, వానా, నీళ్ళూ అయితే ఆ గీతల్ని అసలు లెక్కచెయ్యవు. ఇయన్‌కి ఫోర్ట్ మయర్స్ ఆ గరాటు అంచునే ఉంది. నడిమి గీత టాంపా వైపు ఉందని అక్కడివాళ్ళు ధీమాగా ఉన్నారు. ఆ జిల్లా అధికారులు కూడా ఖాళీ చెయ్యమన్న ఉత్తర్వు ముందురోజు పొద్దుటికి గానీ ఇవ్వలేదు. "అంచనా తప్పింది" అని మనం నవ్వుకునేటప్పుడు, ఆ తప్పిన వంద మైళ్ళలో ఎవరో ఉన్నారు.

మన భాషలో ఒక మంచి మాటుంది, ఉప్పెన. ఇంగ్లీషులో దాన్ని రెండు మాటలు కలిపి స్టార్మ్ సర్జ్ అంటారు. కాని ఇక్కడ జనం అడిగేది "కేటగిరీ ఎంత?" అని. కేటగిరీ అంటే ఒట్టి గాలి లెక్క. 1963 నుంచి 2012 దాకా అమెరికాలో తుఫానుల దెబ్బకి నేరుగా పోయినవాళ్ళలో దాదాపు సగం మందిని చంపింది ఉప్పెనే. వాన వరదలూ అలలూ కలిపితే పదిమందిలో తొమ్మిదిమంది నీళ్ళకే పోయారు. మా అత్తగారిది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన చూసిన మనిషి. ఆ ఒక్క తుఫాను పదివేలమందిని పొట్టన పెట్టుకుంది. 2017లో అర్మా వచ్చినప్పుడు ఆవిడ మా ఇంట్లోనే ఉన్నారు. స్నేహితులంతా గాలి మైళ్ళ గురించి వాదించుకుంటూంటే ఆవిడ ఒక్కటే అడిగారు: "నీళ్ళు ఎంతెత్తు లేస్తాయి నాయనా?" దానికి గదిలో ఉన్న నలుగురు మాస్టర్స్ డిగ్రీలవాళ్ళలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు, నాతో సహా.

ఆ సెప్టెంబర్ 10న టాంపా అఖాతంలో నీళ్ళు వెనక్కి పోయాయి. బేషోర్ బూలవార్డ్ పక్కన అఖాతం అడుగు నేల బయటపడింది. జనం పిల్లల్నీ కుక్కల్నీ వేసుకుని ఆ బురదలోకి నడిచారు, ఫోటోలు దిగారు. పోలీసులు వెనక్కి రమ్మని మొత్తుకున్నారు. ఇందులో మాయేం లేదు. తుఫాను గాలి గడియారానికి ఎదురు తిరుగుతుంది. కేంద్రం మనకి దక్షిణాన ఉంటే గాలి నేల మీదినుంచి వీచి నీళ్ళని సముద్రంలోకి తోస్తుంది. అదే కేంద్రం ఉత్తరం వైపు నుంచి పోతే గాలి నైరుతి నుంచి వచ్చి సముద్రాన్నంతా తెచ్చి అఖాతంలో కుక్కుతుంది. అఖాతం లోతు తక్కువ, నీళ్ళు పోవడానికి చోటుండదు. ఎండిన అఖాతానికీ మునిగిన ఊరికీ మధ్య తేడా అంతా ఆ కొద్ది మైళ్ళలో ఉంది. అవి చాలక కొందరు తుపాకులు తీసి అర్మా మీద కాల్చుదామని ఫేస్‌బుక్‌లో పిలుపిచ్చారు. మా పక్క జిల్లా పాస్కో షరీఫు ఆఫీసువాళ్ళు, దయచేసి తుఫాను మీద కాల్పులు జరపకండి అని ప్రకటన చెయ్యాల్సి వచ్చింది. నేను కల్పించి చెప్పడం లేదు.

అదే అర్మాలో, మయామీ వైపుకి తప్పిందనుకున్నాక, హాలీవుడ్ అనే ఊళ్ళో ఒక వృద్ధుల కేంద్రంలో ఏసీ ఆగిపోయి పన్నెండుమంది ఉక్కకి చచ్చిపోయారు. ఆ కేంద్రం పక్కనే పెద్దాసుపత్రి. తుఫాను దెబ్బ తగలని ఊళ్ళోనే ఇది.

ఇక టూరిస్టులు. ఏడాదికోసారి దాచుకున్న డబ్బుతో పిల్లల్ని డిస్నీకి తీసుకొచ్చినవాళ్ళ బాధ నాకు తెలుసు. ఇయన్ వచ్చినప్పుడు డిస్నీ పార్కులు రెండు రోజులు మూసేశారు. న్యూజెర్సీ నుంచి వచ్చిన మా బంధువు ఆర్లాండో హోటల్లోంచి ఫోన్ చేసి గంటసేపు టికెట్ల డబ్బు గురించే మాట్లాడాడు. తుఫానుకి పేరు పెట్టాక కొన్న ట్రావెల్ ఇన్స్యూరెన్స్ దానికి పనికిరాదని ఎవరూ చెప్పలేదట. "బ్రేక్‌ఫాస్ట్ కూడా డబ్బాల్లో ఇచ్చారు బావా" అన్నాడు. ఆ డబ్బా నీకిచ్చిన మనిషి ఎక్కడ పడుకుందో అడిగావా అన్నాను. అడగలేదు. హోటళ్ళలో, పార్కుల్లో కొందరు ఉద్యోగులు తుఫాను రోజుల్లో ఇంటికి పోకుండా అక్కడే ఉండిపోతారు. గంటల కూలీ మీద బతికేవాళ్ళు చాలామంది. కొందరివి చక్రాల మీద తెచ్చి దింపిన రేకు ఇళ్ళు, అందరికంటే ముందు ఖాళీ చెయ్యమనేవి. ఆవిడ తన పిల్లల్ని ఎవరింట్లోనో వదిలి వచ్చి మన పిల్లలకి పాలు వేడి చేస్తుంది. మర్నాడు ఎండ కాస్తే మనం "ఏమీ కాలేదు" అని పెట్టెలు సర్దుకుని ఎయిర్‌పోర్ట్‌కి పోతాం. ఇయన్ వానకి ఆర్లాండోలోనే ఎన్నో ఇళ్ళు మునిగాయి, పార్కు గేటుకి దూరంగా.

పారిపోవడం ఊరికే వస్తుందని నేననడం లేదు. 2005 సెప్టెంబర్‌లో రీటా హ్యూస్టన్ మీదికి వస్తోందంటే ఇరవై ఐదు లక్షలమంది ఒకేసారి రోడ్డెక్కారు. తుఫాను తూర్పుకి తిరిగి లూసియానా సరిహద్దున దిగింది. హ్యూస్టన్‌కి తప్పింది. ఆ ప్రయాణంలోనే, ఎండకీ ట్రాఫిక్‌కీ ప్రమాదాలకీ, దాదాపు వందమంది పోయారు. డాలస్ దగ్గర ఒక బస్సు తగలబడి ఇరవై ముగ్గురు ముసలివాళ్ళు చచ్చిపోయారు. "అందుకే మేం కదలం" అని హ్యూస్టన్ మిత్రులు ఇప్పటికీ అంటారు. అక్కడ తేలింది వేరు. నీళ్ళు రాని చోట ఉన్నవాళ్ళు లక్షలమంది రోడ్డెక్కి, నీళ్ళు వచ్చే చోట ఉన్నవాళ్ళకి దారి లేకుండా చేశారు. గాలికి దాక్కో, నీటికి పారిపో అంటారు ఇక్కడి అధికారులు. దానికి మన ఇల్లు ఏ జోన్‌లో ఉందో తెలియాలి. లక్షల డాలర్లు పోసి ఇల్లు కొని, స్కూల్ రేటింగు దశాంశాలతో సహా చెప్పగలిగే మన తెలుగువాళ్ళని "మీది ఏ జోన్?" అని అడిగి చూడండి.

విమానాలవాళ్ళని చూడండి. రెండు విమానాలు రాసుకోబోయి తప్పుకుంటే పైలట్లు పార్టీ చేసుకోరు, రిపోర్టు రాస్తారు. నాసా 1976 నుంచి అలాంటి రిపోర్టులు పోగేస్తోంది. జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో రాబిన్ డిలన్, కేథరీన్ టిన్స్లీ ఇదే తుఫానుల్లో చూశారు. త్రుటిలో తప్పిన అనుభవం ఉన్నవాళ్ళు, ఏ నష్టమూ కనబడకపోతే, తర్వాతిసారి జాగ్రత్త తగ్గిస్తారని తేలింది. తెలుగులో పరీక్ష తప్పడమంటే ఫెయిలవడం. తుఫాను తప్పితే మాత్రం మనం పాసయ్యామనుకుంటాం.

దాని ఖరీదు 2024లో కట్టాం. సెప్టెంబర్ 26న హెలీన్ టాంపాకి వంద మైళ్ళకి పైగా పడమటగా సముద్రంలోనే పోయింది. ఎక్కడో పెర్రీ దగ్గర నేలెక్కింది. "మనకి తప్పింది" అని ఆ సాయంత్రం నాలుగైదు సందేశాలొచ్చాయి. ఆ రాత్రే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నీళ్ళు ఆరడుగులకి పైగా లేచాయి, కొలవడం మొదలుపెట్టాక ఎన్నడూ లేనంత. పినెల్లస్ కౌంటీలో పన్నెండుమంది పోయారు. వాళ్ళలో చాలామంది సొంత ఇళ్ళలోనే మునిగిపోయారు. ఖాళీ చెయ్యమని వాళ్ళకి చెప్పలేదా? చెప్పారు. అర్మాకి చెప్పారు, ఇయన్‌కి చెప్పారు, ఏమీ కాలేదు. "ఏమీ కాలేదు" అని పక్కవాడికి చెప్పి చెప్పి వాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టినవాళ్ళలో మనమూ ఉన్నాం.

పదమూడు రోజులకి మిల్టన్. తడిసిన పరుపులూ సోఫాలూ ఇంకా ఇళ్ళ ముందే గుట్టలుగా ఉన్నాయి. ఖాళీ చెయ్యమన్న చోట ఉండిపోతే చచ్చిపోతారని టాంపా మేయర్ జేన్ కాస్టర్ టీవీలో మొహాన్నే చెప్పింది. ఈసారి జనం కదిలారు. తుఫాను దక్షిణాన సియెస్టా కీ దగ్గర దిగింది, అఖాతం మళ్ళీ వెనక్కి పోయింది. తూర్పు తీరాన స్పానిష్ లేక్స్ అనేచోట దాని టోర్నడోకి ఆరుగురు పోయారు. ఆ వారం బతుకమ్మ వాయిదా పడింది. వాయిదా వేసినందుకు కమిటీని తిట్టినవాళ్ళున్నారు, మేయర్ మాటకి నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఈమధ్య ఒక కుర్రాడు, మా కంపెనీలో కొత్తగా చేరినవాడు, నీటి ఒడ్డున ఇల్లు చూశానని ఫోటోలు పంపాడు. బాగుంది, వెనకాల చిన్న పడవ కట్టుకునే చోటు కూడా ఉంది. "ఎప్పుడూ మునగలేదని చెప్పారన్నా" అన్నాడు. 2024 అక్టోబర్ 1 నుంచి ఫ్లోరిడాలో ఇల్లు అమ్మేవాళ్ళు వరదకి ఇన్స్యూరెన్స్ క్లెయిము పెట్టారో లేదో రాసివ్వాలి. ఆ కాగితం కూడా పంపాడు. లేదు అన్న చోట టిక్కు పెట్టి ఉంది. గుమ్మం దాకా వచ్చి ఆగిన నీళ్ళకి అందులో గడి లేదు. పక్కింటి గోడ మీద మరక ఎంత ఎత్తుందో చూసి రమ్మన్నాను.