అడ్వాన్సు పుచ్చుకున్న రోజే తెగుతున్న కూలి రేటు

పాలమూరు కూలీ తట్ట ఎత్తేది ముంబయిలో కావచ్చు, హైదరాబాదులో కావచ్చు. అతని కూలి రేటు తెగేది మాత్రం ఊళ్లోనే, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్న రోజునే.

1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ మొదలు ఎన్నో ప్రాజెక్టులకు రాయి, మట్టి మోసినవారు మహబూబ్‌నగర్ జిల్లా కూలీలు. "పాలమూరు లేబర్" అంటే కాంట్రాక్టర్లకు అంత గురి. ఇంత గిరాకీ ఉన్నచోట ధర పెరగాలి. కాని వానలు లేని ఏడు ఇంట్లో గింజలు అయిపోయాక, పెండ్లి ఖర్చు నెత్తిన పడ్డాక మేస్త్రీ గడపలోకి వస్తాడు. ఆగలేనివాడు ఎదుటివాడు చెప్పిన రేటుకే తల ఊపుతాడు.

అడ్వాన్సుకు వడ్డీ లేదని చాలామంది అనుకుంటారు. ఒక లెక్క వేసి చూడవచ్చు. 20 వేలు అడ్వాన్సు తీసుకున్న కూలీకి బయటి రేటు కన్నా రోజుకు వంద రూపాయలు తక్కువ కడితే, 25 రోజుల పనికి 2,500 పోయినట్లే. నెలకు నూటికి పన్నెండున్నర! అసలు అలాగే ఉన్నది. ఊరి షావుకారు ఇంతకంటే నయం.

రిజర్వు బ్యాంకు రెపో రేటు తగ్గించిందని అప్పుడప్పుడు పేపర్లో వస్తుంది. బ్యాంకులకు అది ఇచ్చే అప్పు మీద వడ్డీయే రెపో. అది తగ్గితే కాంట్రాక్టరు బ్యాంకుకు కట్టే వడ్డీ తగ్గవచ్చు. ఆ డబ్బే మేస్త్రీ చేతుల మీదుగా తండాకు చేరేసరికి తగ్గింపు జాడ ఉండదు.

పక్కనున్న నల్గొండ జిల్లా ఆయకట్టులో దీనికి పూర్తిగా తిరగబడ్డ బేరం కనిపిస్తుంది. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలితే అందరికీ ఒక్కసారే నాట్లు. నారు ముదురుతున్నది గనుక ఇక్కడ ఆగలేనివాడు రైతు. నాటేసే ఆడవాళ్లు గుంపుగా చేరి ఎకరానికింత అని గుత్త మాట్లాడుకుంటారు. కుదరకపోతే పక్క పొలం ఉన్నది. సంఘం పేరు లేదు, రసీదు పుస్తకం లేదు, చేసేది మాత్రం సంఘం పనే. బీహారు, బెంగాల్ కూలీలు నాట్లకు రావటంతో ఈ బేరమూ కొంత మెత్తబడింది.

మార్కెట్ యార్డులో హమాలీలంతా ఒకచోట ఉంటారు, వారు కదలకపోతే బస్తా లేవదు. వలస కూలీకి ఆ బలం లేదు. కూలి పెంచమంటే మేస్త్రీ కంపెనీని చూపుతాడు, కంపెనీ మేస్త్రీని చూపుతుంది.

చట్టం కూలీ పక్షానే ఉన్నది. అడ్వాన్సు పేరుతో కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చినా, వెళ్లనీయకుండా ఆపినా అది వెట్టిచాకిరియే, ఆ బాకీ చెల్లదని 1976 చట్టం చెబుతున్నది. కనీస వేతనం ఇవ్వకపోవటం నిర్బంధ శ్రమేనని ఏషియాడ్ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా కేసు పెట్టేవారు అరుదు. వచ్చే ఏడు మళ్లీ ఆ మేస్త్రీయే దిక్కు కదా!

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైన తొలి 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉన్నాయి. ఊళ్లోనే పని దొరుకుతుందన్న ధైర్యం మేస్త్రీ ముందు నోరు తెరవటానికి పనికొచ్చింది. మహిళా సంఘాల అప్పు కూడా అలాంటిదే, కాకపోతే దాని వాయిదా నెలనెలా కట్టాలి. పైగా ఆ అప్పు వలసబండి ఎక్కే నెలకు ముందే చేతికి రావాలి. ఆలస్యంగా మంజూరైతే ఆ డబ్బు మేస్త్రీ బాకీ తీర్చటానికే పోతుంది.