గొట్టం పొట్టిది, లెక్క పెద్దది

తుపాకి గురించి రాస్తున్నానేంటి అనుకోకండి. ఏజెన్సీలో పుట్టినోళ్లం, తుపాకులు చూస్తూనే పెరిగాం. కానీ ఆ తుపాకి ఏంటి, దాని తూటా ఏం చేస్తుంది అనేది మనకెవరూ చెప్పరు. మనమే తెలుసుకోవాలి.

కేంద్ర బలగాలు, రాష్ట్ర పోలీసుల కోసం మన దేశంలోనే తయారైన ఒక పొట్టి తుపాకి ఉంది. పేరు జాయింట్ వెంచర్ ప్రొటెక్టివ్ కార్బైన్, పొట్టిగా జేవీపీసీ. డిజైన్ పుణెలోని డీఆర్‌డీవో ల్యాబ్‌ది, తయారీ కాన్పూర్‌లో. 2020 డిసెంబర్ 7న ఆఖరి పరీక్షలు పాసయిందని డీఆర్‌డీవో ప్రకటించింది. బరువు సుమారు 3 కిలోలు, దెబ్బ 100 మీటర్లకు పైనే. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్క తూటా చొప్పున కాల్చొచ్చు. ఆటోమేటిక్‌లో పెడితే మాత్రం నిమిషానికి 700 తూటాలకు పైగా వేగం. అంటే 30 తూటాల మ్యాగజైన్ మూడు సెకన్లలోపే ఖాళీ.

దీని తూటా 5.56×30. మొదటి అంకె బుల్లెట్ లావు, రెండోది దాని వెనకాల మందు నింపే షెల్ పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. ఇన్సాస్ రైఫిల్ తూటాకు లావు అంతే, షెల్ పొడవు మాత్రం 45. పెద్ద తూటాను పొట్టి గొట్టంలో పేలిస్తే మందు పూర్తిగా కాలకముందే బుల్లెట్ బయటపడుతుంది. మంట, మోత ఎక్కువ. అందుకే షెల్ తగ్గించారు. మందు తక్కువ, భుజం మీద తన్ను తక్కువ, చేతిలో అదుపు ఎక్కువ.

ఇక్కడే అసలు మాట. వంద, రెండొందల మీటర్లంటే ఎంత దూరం? మన గూడెంలో ఈ చివరి ఇంటి నుంచి ఆ చివరి ఇంటి దాకా. ఇది దగ్గర దూరపు తుపాకి. గురి తప్పినా, మనిషిని తప్పుగా అనుకున్నా, మళ్లీ ఆలోచించే టైం ఉండదు.

బీజాపూర్ జిల్లా ఎడెస్‌మెట్ట గుర్తుందా? 2013 మే 17 రాత్రి విత్తనాల పండుగకు చేరిన జనం మీద కోబ్రా బలగాలు కాల్పులు జరిపాయి. 8 మంది గ్రామస్థులు చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఒక జవాన్ కూడా చనిపోయాడు. ఆయనా ఎవరో తల్లి బిడ్డే. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2022లో అసెంబ్లీ ముందుకొచ్చింది. జనం దగ్గర ఆయుధాల్లేవు, బలగాలు భయంతో కాల్చి ఉండొచ్చు అని తేల్చింది. ఆ రాత్రి పేలినవి 44 తూటాలు. అప్పటి తుపాకులు వేరు. ఇప్పటి ఈ కార్బైన్ వేగంతో ఐతే 44 తూటాలు నాలుగు సెకన్ల పని.

మంచి తుపాకి జవాన్‌కి ఇవ్వొద్దని నేననట్లేదు. పేలిన ప్రతి తూటాకూ లెక్క చెప్పమంటున్నా. ఎన్‌కౌంటర్ మరణం జరిగితే ఎఫ్‌ఐఆర్ కట్టాలి, వేరే స్టేషన్ లేదా సీఐడీ విచారించాలి, కాల్చినవాళ్లు ఆయుధాలు పరీక్షకు అప్పగించాలి అని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. పీయూసీఎల్ కేసు తీర్పు అది. ఆ 44 అనే అంకె కూడా కమిషన్ కూర్చుంది కాబట్టే మనకు తెలిసింది, అదీ ఎనిమిదేళ్లకు పైగా గడిచాక.

తుపాకి బరువు, వేగం, దూరం గర్వంగా ప్రకటిస్తున్నారు. ఎక్కడ కాల్పులు జరిగినా ఎన్ని తూటాలు, ఎవరి తుపాకి నుంచి అనేది కూడా అలాగే ప్రకటించండి. ప్రతి గ్రామసభా ఈ ప్రశ్న రాతపూర్వకంగా అడగాలి.