పాట నేర్పే కొలువుకూ పట్టా కావాలి

ఇంటర్ అయిన కొడుకో కూతురో ‘సంగీతం చదువుతా, స్కూల్లో మ్యూజిక్ టీచరవుతా’ అంటే మనలో చాలామంది నోట వచ్చే మాట ఒకటే: ‘పాటలు కూడు పెడతాయా?’ ఎడారి ఎండలో మాడి పంపే డబ్బు కాబట్టి ఆ భయం ఉండటం తప్పు కాదు. కానీ ఆ ఒక్క మాటతో పిల్లల నోరు మూయించడం అన్యాయమని మేమంటాం. అప్పుచేసి బీటెక్‌లో చేర్పించిన పిల్లలు చివరికి మన క్యాంపుల్లోనే స్టోర్‌కీపర్‌గానో హెల్పర్‌గానో దిగడం చూస్తూనే ఉన్నాం కదా! ఇష్టంలేని చదువుకు లక్షలు పోసినవాళ్లం, ఇష్టమున్న చదువు దగ్గరే లెక్కలడుగుతాం.

సంగీతం టీచరంటే ఆగస్టు పదిహేనుకు పిల్లల చేత పాట పాడించే మనిషి అనుకుంటాం. బాగా పాడేవాళ్లందరూ నేర్పలేరు. నలభైమంది పిల్లలున్న క్లాసులో టీచర్ తన గొంతుకు అనువైన శ్రుతి పెట్టుకుంటే, అది అందక కొందరు గొణుగుతారు, కొందరు అరుస్తారు. పన్నెండు, పద్నాలుగేళ్లప్పుడు మగపిల్లల గొంతు మారి బొంగురుపోతుంది. నిన్నటిదాకా హాయిగా పాడినవాడు ఇవాళ నోరు మెదపడు. వాణ్ని ‘నీకు రాదు, కూర్చో’ అంటే ఇక జన్మలో పాడడు. శ్రుతి దించి, తాళం వాడికి అప్పగించి, కొన్నాళ్లు ఓపిక పట్టడం తెలియాలి. రోజంతా పీరియడ్లు తీసుకుంటే టీచర్ గొంతూ పాడవుతుంది, దాన్ని కాపాడుకోవడమూ చదువే. సరళీ స్వరాల నుంచి కృతుల దాకా పాడటం ఒక ఎత్తు, 72 మేళకర్తల లెక్క, సంగీత చరిత్ర ఇంకో ఎత్తు, నేర్పడం మరో ఎత్తు. చదువుకుంటూనే దగ్గర్లోని బడిలో వారానికో గంట నేర్పమని పిల్లలకు చెబితే ఈ మూడోది అబ్బుతుంది.

ఇక పట్టా సంగతి. గురువుగారి దగ్గర పదేళ్లు నేర్చుకున్నా కొలువుకు కాగితం అడుగుతారు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ సంగీతం టీచర్ పోస్టుకు ఇంటర్‌లో 50 శాతం మార్కులు, గుర్తింపున్న యూనివర్సిటీ నుంచి సంగీతంలో డిగ్రీ లేదా దానికి సమానమైనది కావాలి. ప్రభుత్వ సంగీత కళాశాలల సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు తీసిపారేసేవి కావు. 1919లో మొదలైన విజయనగరం కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల మధుకరం ఎత్తుకుని చదువుకున్నది అక్కడే. అయినా ఆ డిప్లొమా ఫలానా ఉద్యోగానికి డిగ్రీతో సమానమా కాదా అన్నది నోటిఫికేషన్‌లోనే చూడాలి. ‘అదీ ఇదీ ఒకటేనమ్మా’ అనే దళారి మాట నమ్మొద్దు. ఏజెంట్ల మాటల విలువ మనకు వేరే చెప్పాలా!

తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో, హైదరాబాద్ తెలుగు యూనివర్సిటీలో సంగీత విభాగాలున్నాయి. బతుకమ్మ పాట ఎత్తుకుంటే వాడకట్టంతా వంతపాడించే పిల్ల కూడా అక్కడ శాస్త్రీయం నేర్వాల్సిందే. చేరేముందు ఏడాదో రెండేళ్లో దగ్గర్లో నేర్చుకుంటే మేలు. చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు, గొంతూ చెవీ ముందే తయారై ఉన్నాయి.

దాచకుండా చెప్పాలంటే పోస్టులు తక్కువ. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళలు నేర్పే పార్ట్‌టైం బోధకులుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. మీ ఊరి బడిలో ఎవరున్నారో ఈసారి సెలవుకెళ్లినప్పుడు చూడండి. నవోదయల్లో సంగీతం టీచర్ పోస్టు ఉంది. చిన్న ప్రైవేటు బడుల్లో జీతానికి తోడు సాయంత్రం ఇంట్లో పాఠాలు చెప్పుకుంటే గానీ గడవదు. గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్లూ మ్యూజిక్ టీచర్లను తీసుకుంటాయి. వాటికి డిగ్రీ అటెస్టేషన్ కావాలి, దూరవిద్య పట్టా అయితే చిక్కులు రావచ్చు.

అందుకే ఫీజు డబ్బు పంపేముందు కోర్సు రెగ్యులరా కాదా, పట్టా ఏ యూనివర్సిటీ ఇస్తుంది, ఏ పోస్టుకు పనికొస్తుంది అన్నది కాగితం మీద తెప్పించుకోండి. ఆ పిల్ల పాట కూడా ఒకసారి ఫోన్‌లో వినండి. మనం ఊరు విడిచేనాటికి చిన్నపిల్ల, ఇప్పుడెలా పాడుతోందో మనలో చాలామందికి తెలియదు.