ఎక్కం వచ్చింది, లెక్క రాలేదు

గత వేసవి సెలవుల్లో మా వూరు లింగాల వెళ్ళినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాను. మా చిన్నాయన బిడ్డ ఐదో తరగతి పాసయింది. వాకిట్లో కూర్చుని ఏడో ఎక్కం ఎక్కడా తడబడకుండా గడగడా అప్పజెప్పింది. మా చిన్నమ్మ ముఖం విప్పారింది. నేను చాటలోంచి పల్లికాయలు తీసి, "ఇవి 35. మీరు ఏడుగురు పిల్లలున్నారు. సమంగా పంచితే తలా ఎన్నొస్తయి?" అని అడిగాను. పిల్ల కాసేపు ఆలోచించి, "అన్నా, ఇది కూడుడా, తీసేసుడా?" అన్నది.

మిత్రులారా, ఇందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. ఏడైదుల ముప్పై అయిదని దాని నోటికి తెలుసు. కాని ఆ మాటకూ చాటలోని పల్లికాయలకూ సంబంధం వుందని దానికెవరూ చూపలేదు. ఎక్కం దానికి ఒక పాట, అంతే.

ఇది మా ఒక్క వాకిటి కథ కూడా కాదు. దేశంలోని పల్లెల్లో పిల్లల చదువును పరీక్షించే 'అసర్' సర్వేవాళ్ళు మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమని అడుగుతారు. 2024లో ఐదో తరగతి పిల్లల్లో ఆ లెక్క చేయగలిగినవారు నూటికి 30.7 మంది మాత్రమే. మిగిలిన డెబ్బై మంది హైస్కూలుకు పోయి భిన్నాలు, శాతాలు, వడ్డీలెక్కలు ఏ పునాది మీద కట్టుకుంటారు? లెక్కలంటే భయమని మనం అనుకునేది చాలామందిలో భాగహారం దగ్గర మొదలైన భయమే.

ఇది మార్కుల సంగతే అయితే నేనింత బాధపడేవాణ్ణి కాదు. పాలమూరు లేబర్ అనే మాట ప్రాజెక్టుల గట్ల మీద అందరికీ తెలిసినదే. 2016లో కొత్త జిల్లాలు వచ్చి మేము నాగర్‌కర్నూల్ కిందికి పోయాము గాని, అంతకుముందు లింగాల మహబూబ్‌నగర్ జిల్లాలోదే. మా తాత ఆ లేబర్‌లో ఒకడు. అడ్వాన్సు ఎంత, రోజుకూలి ఎంత, పనిచేసిన దినాలెన్ని, నాగాలెన్ని - వీటి గుణకార భాగహారాలన్నీ మేస్త్రీ నోట్లో వుండేవి. మా తాత దగ్గర వేలిముద్ర మాత్రం వుండేది. మేస్త్రీ మోసం చేశాడని నేననడం లేదు. చేశాడో లేదో తెలుసుకునే దారి మా తాతకు లేదంటున్నాను.

సరే, ఆ సాయంత్రం ఏమి చేశానో చెబుతాను. వాడకట్టు పిల్లలను పోగేసి ఒక దోసెడు చింతగింజలు చాప మీద పోశాను. 35 గింజలు ఏడుగురికి పంచమన్నాను. విడతకు ఒక్కటి చొప్పున పంచుకుంటూ పోతే ఐదు విడతల్లో గింజలు అయిపోయాయి. తలా ఐదు. మళ్ళీ గింజలన్నీ కలిపి, "ఈసారి ఏడేసి గింజలు కుప్పలు పెట్టండి" అన్నాను. ఐదు కుప్పలయ్యాయి. మొదటిది పంచడం, రెండోది కుప్పలు పెట్టడం. రెండింటికీ పలక మీద రాసే లెక్క ఒకటే, 35ను 7తో భాగించడం. మనం బడిలో రెండూ ఒకటేనన్నట్టు చెప్పి వదిలేస్తాము. పిల్లలకు అవి రెండు వేరువేరు పనులు. రెండూ చేతితో చేసిన తర్వాతే ఒకటని తెలుస్తుంది.

మర్నాడు 38 గింజలిచ్చాను. తలా ఐదు పోగా మూడు మిగిలాయి. "ఇంకో విడత పంచరాదా?" అంటే ఒక పోరడు, "ఎట్ల పంచుతమన్నా, ఏడుగురికి ఏడు గింజలన్న వుండాలె గద!" అన్నాడు. శేషం ఎప్పుడూ విభాజకం కన్న తక్కువగా వుండాలనే సూత్రం ఇదే. నేనది పుస్తకంలో చదివి బట్టీ పట్టాను. వాడు చాప మీద కూర్చుని కనిపెట్టాడు.

గుణకారానికి చేను చాలు. పల్లిచేను సాళ్ళు చూడని పిల్లలు మా దిక్కున లేరు. నాలుగు సాళ్ళు, సాలుకు ఆరు గింజలు పెట్టించాను: 24. పిల్లలను లేపి చాప పక్కవైపు కూర్చోబెడితే ఆరు సాళ్ళు, సాలుకు నాలుగు అయ్యాయి. గింజ కదల్లేదు. నాలుగార్లు, ఆరునాళ్ళు ఒకటేనని కంటికి కనబడిపోయింది. ఏడెనిమిదులు మరిచిపోయిన పిల్లకు ఎనిమిదేసి గింజల ఏడు సాళ్ళు పేర్పించి, నడుమ ఒక పుల్ల పెట్టి, ఒక పక్క ఐదు సాళ్ళు, ఇంకో పక్క రెండు సాళ్ళు చేశాను. 40కి 16 కలిపి 56 అని తనే చెప్పింది. గుడ్ల అట్ట కూడా ఇటువంటిదే, ఆరు ఐదులు ముప్పై.

ఇక వామనగుంటలు. రెండు వరుసలు, వరుసకు ఏడు, మొత్తం 14 గుంటలు. గుంటకు నాలుగేసి పోస్తే ఎన్ని గింజలు కావాలి? ఐదేసి అయితే? ఆట మొదలు కాకముందే 56, 70 అని లెక్క తేలాలి. చేతిలోకి 16 గింజలు వస్తే పీట ఒకసారి చుట్టి రాగా ఇంకా రెండు మిగులుతాయి. ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో పంచకముందే చెప్పాలని నేనొక షరతు పెట్టాను. మా నాయనమ్మ ఏనాడూ పలక పట్టలేదు గాని, ఈ షరతులో మమ్మల్నందరినీ ఓడించింది!

నా తప్పు కూడా చెప్పుకోవాలి. నాలుగు రోజులు ఆట జోరుగా సాగింది. ఐదో రోజు పలక మీద 38ని 7తో భాగించమంటే పిల్లలు మళ్ళీ తెల్లముఖం వేశారు. ఆట ఆటగానే మిగిలింది, పలక దాకా రాలేదు. అప్పటినుంచి ఒక విడత పంచగానే పలక మీద ఏడు తీసివేయించాను. ఐదుసార్లు తీసేసి విసుగెత్తి ఒక పిల్ల, "ఏడైదుల ముప్పైయైదు ఒక్కపారే తీసేస్తే అయిపాయె గద!" అన్నది. ఎక్కం అక్కరకు వచ్చింది అప్పుడు. అందుకే ఎక్కాలు వద్దని నేననను. ఎక్కం అడ్డదారి వంటిది. అసలు దారి ఒకసారి నడిచినవాడికే అడ్డదారి వుపయోగం తెలుస్తుంది.

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టిందీ కాదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను మన భాషలో, మన రుచికి తగినట్టు చెప్పాలనే ఆలోచన అంత పాతది. 1980లలో బ్రిటిష్ సహాయంతో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రాథమిక విద్యా పథకం, ఏపీపెప్, చేసి నేర్చుకోవడం, పరిసరాలను వాడుకోవడం తన సూత్రాలుగా చెప్పింది. 2022లో తెలంగాణలో తొలిమెట్టు వచ్చింది. సూత్రాలకు కొదువ లేదు. సూత్రం చాప మీదికి దిగిరావడమే కష్టం.

"ఇద్దరు టీచర్లు ఐదు క్లాసులు చూసుకునేచోట ఆటలెక్కడివయ్యా? సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు?" అని మా లెక్చరర్ గారొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఐదు క్లాసులు ఒకేచోట కూర్చున్నప్పుడు పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చూపడానికి చింతగింజలకన్న మంచి సాధనం ఏముంది? భాగహారం రాని పిల్లకు సిలబస్ పూర్తయి మాత్రం ఏమి లాభం?

కాబట్టి మన విద్యార్థి సంఘానికి నాదొక మనవి. మనలో సగంమందిమి పల్లెలనుంచి వచ్చినవాళ్ళమే. వచ్చే సెలవుల్లో ఒక్కొక్కరం మన మన వూళ్ళో పదిరోజులు, రోజుకొక గంట, పదిమంది పిల్లలతో కూర్చుందాము. నిధులు అడగను. చింతగింజలకు బిల్లు పెట్టనక్కరలేదు గదా!

నేను తిరిగి బస్సెక్కే రోజు మా చిన్నాయన బిడ్డకు ఇంకో లెక్క ఇచ్చాను: "42 గుడ్లున్నయి, గంపకు ఆరేసి పెడితే ఎన్ని గంపలు కావాలె?" పిల్ల చేతివేళ్ళు ఆడిస్తూ నావైపు చూసి, "అన్నా, ఇది పంచుడా, కుప్పలు పెట్టుడా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేదు. బస్సు కదిలేలోగా తనే చెప్పింది, "కుప్పలే. ఏడు గంపలు."