తూచకుండానే బరువు రాసిన అక్క

మొన్న బలిఘట్టంలో టీ తాగుతుంటే పక్కనున్న పెద్దాయన అన్నాడు: "అంగన్‌వాడీ టీచర్లంతా దొంగలెక్కలే రాస్తారయ్యా." కోపం వచ్చింది. కానీ పూర్తిగా అబద్ధం అనలేకపోయాను. మన్యంలో మా చుట్టాల ఊళ్లో కేంద్రం నడిపే అక్క, పిల్లల్ని తూచకుండానే ఒక నెల బరువులు రాసేసింది. తనే చెప్పింది. "తూకం పాడైపోయింది. ఎంట్రీ పడకపోతే మెమో ఇత్తారు. ఏటి సెయ్యమంటావు తమ్ముడూ?"

ఇది చిన్న తప్పు కాదు. చిక్కిపోయిన బిడ్డ లెక్కల్లో బాగున్నట్టు కనబడితే ఆ బిడ్డని ఎవరూ ఆస్పత్రికి తీసుకెళ్లరు. ఆ బిడ్డ మన బిడ్డే. మనవాళ్లే కదా అని కప్పిపుచ్చడం నాకిష్టం లేదు.

అయితే ఆ తప్పు ఎక్కడ పుట్టింది? 1975లో ఐసీడీఎస్ మొదలైంది. ఇన్నేళ్లయినా ఆమెకిచ్చేది జీతం కాదు, "గౌరవ వేతనం". 2023 సమ్మె నాటికి మన రాష్ట్రంలో టీచరుకి 11,500, ఆయాకి 7,000 రూపాయలు. దానికి బడి, వంట, టీకాలు, గర్భిణుల ఇళ్లు, రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్, ఇప్పుడు ముఖ గుర్తింపు కూడా. సిగ్నల్ కోసం గట్టెక్కితే కింద పిల్లల్ని ఎవరు చూస్తారు? ఆయా ఉంటే ఆయా. మినీ కేంద్రాలు పెట్టినప్పుడు ఆ పోస్టే ఇవ్వలేదు. అంతా ఒక్క మనిషే. అలసిపోయి పిల్లాడి మీద చెయ్యి చేసుకుంటే దాన్ని నేను వెనకేసుకురాను. మూడేళ్లవాడికి మన జీవోలు తెలీవు. కానీ ఒక్కతి మీద అంత పని పెట్టినవాళ్లకి మాత్రం మెమో రాదు.

2023 డిసెంబర్ 12 నుంచి వాళ్లు 42 రోజులు సమ్మె చేశారు. సుప్రీంకోర్టు 2022లోనే హక్కుందని చెప్పిన గ్రాట్యుటీ కూడా డిమాండ్లలో ఉంది. జనవరిలో ప్రభుత్వం ఎస్మా పెట్టింది. జీతమడిగితే సేవ, సమ్మె చేస్తే అత్యవసర సర్వీసు!

మెమోతో తూకం బాగవదు. ఇంకో దొంగలెక్క పుడుతుంది, అంతే. మా అక్క ఇప్పటికీ తూకం కోసం ఎదురుచూస్తోంది. మీ ఊరి కేంద్రంలో పనిచేస్తోందా? ఈ నెల తూచే రోజు వెళ్లి పక్కన నిలబడండి. చూసింది ఇక్కడ రాయండి. టీచరమ్మ పేరు మాత్రం రాయొద్దు.