అల్లుడుగారి మంచుబండి

ఆవకాయ జాడీ మూతల గురించి పోయినవారం సగంలో ఆపిన సంగతి ఈ వారం పూర్తి చేస్తానని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నాను, క్షమించాలి. తప్పు నాది కాదు, మా అల్లుడుగారి మంచుబండిది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ బండి లోపల ఉండే ఒక రబ్బరు బెల్టుది.

అమెరికాలో ఐడహో అని ఒక రాష్ట్రం ఉంది. బంగాళాదుంపలకి పెట్టింది పేరు. అందులో ఐడహో ఫాల్స్ అనే ఊళ్ళో మా అమ్మాయి కాపరం. ఈ చలికాలం మా ఆవిడా నేనూ అక్కడే గడిపాం. అల్లుడుగారు బుద్ధిమంతుడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా కంప్యూటరు ముందు నోరెత్తకుండా కూర్చుంటారు. శనివారం వచ్చిందో, ఇంక ఆయన మనిషి కాదు. బండిని ట్రెయిలరు మీద కట్టుకుని, ఉత్తరాన రెండు గంటల లోపు దూరంలో ఉన్న ఐలండ్ పార్క్‌కి పోతారు. అక్కడ ఐడహోకీ మోంటానాకీ సరిహద్దులో టూ టాప్ అనే కొండ ఉంది. ఎత్తు 8 వేల అడుగుల పైచిలుకు. అక్కడి చెట్లు నిలువునా మంచు కప్పేసి తెల్లచీర కట్టుకున్న దయ్యాల్లా నిలబడి ఉంటాయి. వాటి మధ్య తిరగడం ఆయనకి సరదా.

మంచుబండికి ముందు చక్రాల బదులు రెండు స్కీలుంటాయి. వెనక సుమారు 14 అడుగుల చుట్టుకొలత ఉన్న రబ్బరు పట్టీ తిరుగుతూ ఉంటుంది. దానిమీద మూడేసి అంగుళాల పళ్ళు. అవి మెత్తటి మంచుని తవ్వుకుంటూ బండిని కొండ మీదికి నెడతాయి. ఎక్కేది ఒక్కడే మనిషి, ఇంజను బలం మాత్రం 160 గుర్రాలు. ఆ బలమంతా ఇంజను దగ్గర్నుంచి పట్టీకి వెళ్ళాలంటే మధ్యలో ఉన్నది ఈ బెల్టు ఒక్కటే.

ఇది ఎల్లా పని చేస్తుందో ఆడవాళ్ళకి కూడా తెలియాలి. ఎంచేతంటే మన ఊళ్ళల్లో వాళ్ళు నడిపే గేర్లు లేని స్కూటర్లలో ఉండేదీ ఇదే ఏర్పాటు. రెండు బొంగరాల మొనలు ఎదురెదురుగా పెట్టారనుకోండి. మధ్యలో లోయలా సందు ఏర్పడుతుంది కదా, బెల్టు అందులో కూర్చుంటుంది. ఇంజను జోరందుకున్న కొద్దీ లోపలి తూనికలు విచ్చుకుని బొంగరాల్ని దగ్గరికి తోస్తాయి. బెల్టు అంచుకి పాకుతుంది. వెనక ఇల్లాంటిదే ఇంకో జత. అక్కడ బొంగరాలు విడిపోయి బెల్టు లోపలికి దిగుతుంది. గేర్లు మార్చే పనంతా దీంతోనే జరిగిపోతుంది. బెల్టు రెండు పక్కలా పళ్ళేలకి అదిమి పట్టుకునే లాగుతుంది. జారిందా, వేడి పుడుతుంది. వేడి పుట్టిందా, రబ్బరు మాడుతుంది.

మొదటి బెల్టు డిసెంబరులో పోయింది. పెద్ద చప్పుడు, కాస్త పొగ, అంతే. అల్లుడుగారు నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. రెండోది తక్కువ ధరకి వచ్చిందని ఇంకో కంపెనీది కొన్నారు, 120 డాలర్లు. అది 40 మైళ్ళు కూడా నడవకుండా తాటాకు చీల్చినట్టు పీలికలైపోయింది. ఆయన దాన్ని కోపంగా చెత్తడబ్బాలో పారేశారు. దుకాణానికి వెళ్తే, “బెల్టంటే అరిగేదే కదండీ” అని సమాధానం చెప్పి, అసలు కంపెనీవి రెండు చేతిలో పెట్టారు. ఒక్కొక్కటి 200 డాలర్లు. ఒకటి బండికి, ఒకటి సంచిలో.

“బెల్టుల దుకాణం పెట్టుకుంటే పోలా” అంది మా అమ్మాయి. దాని మాటలో నవ్వు లేదు.

జనవరిలో ఒక శనివారం అందరం ఐలండ్ పార్క్ వెళ్ళి ఒక చెక్క ఇల్లు అద్దెకి తీసుకున్నాం. అల్లుడుగారూ ఆయన ఆఫీసు స్నేహితుడూ తొమ్మిదింటికి బయల్దేరారు. నాలుగింటికల్లా వచ్చేస్తామన్నారు. మా ఆవిడ పులిహోర కలిపింది. నాలుగైంది. అయిదైంది. అక్కడ ఆ రోజుల్లో అయిదుంపావుకే సూర్యుడు దిగిపోతాడు. బయట చలి సున్నాకి 20 డిగ్రీలు కింద. కొండల్లో సెల్‌ఫోను పలకదు. ఉపగ్రహం ద్వారా కబురంపే చిన్న పరికరం ఒకటి ఆయన దగ్గరుంది. కాని దానికి ఆకాశం కనపడాలి.

ఆరైంది. మా అమ్మాయి కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. మా ఆవిడ పులిహోర మీద మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. ఆరేళ్ళ మనవడు నా ఒళ్ళో కూర్చుని, “తాతయ్యా, నాన్న బెల్టు మళ్ళీ తెగిందా?” అని అడిగాడు. వాడికి నేను సమాధానం చెప్పలేకపోయాను. మంచు విరిగిపడితే మనిషిని ఎల్లా కప్పేస్తుందో అంతకుముందు రోజే ఎక్కడో చదివాను. చదవకుండా ఉంటే బాగుండును.

ఈ మంచుబండ్లకి మూలపురుషుడు కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో వల్కూర్ అనే ఊళ్ళో ఉండే బొంబార్డియే. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుక్కి జబ్బు చేస్తే, మంచు కప్పిన దారిలో ఆస్పత్రికి తీసుకెళ్ళే సాధనం లేక పిల్లవాడు చనిపోయాడు. ఆ తర్వాత ఆయన మంచు మీద నడిచే పెద్ద బండ్లు కట్టాడు. 1959లో ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి తెచ్చాడు. ఇంట్లోవాళ్ళని కాపాడుకోడానికి పుట్టిన బండి కోసం ఇంట్లోవాళ్ళు కిటికీ దగ్గర నిలబడడం ఆ రాత్రి నాకు చాలా అన్యాయంగా తోచింది.

ఏడింటికి అమ్మాయి ఫోను మోగింది. “క్షేమం. బెల్టు. లాక్కొస్తున్నాం.” అంతే. అమ్మాయి ఆ మూడు మాటలూ మాకు చదివి వినిపించి, స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

తొమ్మిదింటికి వచ్చారు. అల్లుడుగారి కనుబొమల మీద మంచు పేరుకుని ఉంది. జరిగిందేమిటంటే, రెండింటికి ఒక చెట్ల లోయలో మూడో బెల్టు పోయింది. పావుగంటలో సంచిలోది వేశారు. అరమైలు వెళ్ళారో లేదో, అదీ పోయింది. లోయలోంచి బండిని పైకి తేవడానికి ఇద్దరూ పారలతో రెండు గంటలు మంచు తవ్వారు. పైకి వచ్చాకే పరికరానికి ఆకాశం దొరికింది. ఆ తర్వాత మిగిలిన పీలికలు తీసేసి, తాడు కట్టి, స్నేహితుడి బండితో లాగించుకొచ్చారు.

“ఆ బండి అమ్మేస్తారా, నన్ను ఇండియా పంపించేస్తారా?” అంది అమ్మాయి. ఆయన మాటాడలేదు. చల్లారిపోయిన పులిహోర రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు.

మర్నాడు ఊరు చేరాక నేను గ్యారేజీలోకి వెళ్ళాను. మీతో ఎప్పుడూ చెప్పలేదు గాని, నా చిన్నతనం తణుకు దగ్గర మా నాన్నగారి ధాన్యం మిల్లులో గడిచింది. ఇంజను గదిలోంచి మిల్లులోకి గుర్రపు జీనంత వెడల్పు బెల్టు తిరుగుతూ ఉండేది. అది మాటిమాటికీ జారిపోతే కొత్త డ్రైవర్లు గుగ్గిలం రాసేవారు. పాత డ్రైవరొకాయన ఉండేవాడు, ఆయన గుగ్గిలం ముట్టుకునేవాడు కాదు. రెండు చక్రాల మీంచీ దారం లాగి పట్టుకుని, ఒంటి కన్నుతో చూసేవాడు.

“అల్లుడుగారూ, పోయిన బెల్టులు ఏవీ?” అన్నాను.

“ఎందుకండీ మామయ్యగారూ, చచ్చినవాటితో ఏం పని?” అన్నారు గాని, మూడు తెచ్చి పడేశారు. దీపం కింద పెట్టి చూశాం. మొదటిదానికి ఒక్కచోట నడుము సన్నబడి ఉంది. అంటే బెల్టు తిరక్కుండా ఒకేచోట నిలబడితే ఇంజను పళ్ళెం దాన్ని తినేసిందన్నమాట. “ఆ పొద్దున పట్టీ గడ్డకట్టి ఉందా?” అని అడిగాను. ఆయన కాస్త నసిగి, ఉందన్నారు. బండి వెనకభాగం ఎత్తి పట్టీని విదిలించి మంచుగడ్డ వదిలించకుండా ఒక్కసారిగా హుషారుగా లాగించేశారట. దాని చావుకి కారణం తేలిపోయింది.

చివరి రెండూ వేరు. రెండింటికీ ఒకే అంచు మాడి, అద్దంలా మెరుస్తోంది. రెండో అంచు కొత్త పెళ్ళికూతురిలా ఉంది. నాకు దారం జ్ఞాపకం వచ్చింది. ఉక్కు స్కేలు తెప్పించి రెండు జతల పళ్ళేలకీ ఆనించి చూశాం. పుస్తకంలో చెప్పిన కొలతకి వెంట్రుకవాసి తేడా లేదు! అల్లుడుగారి మొహం వాడిపోయింది. నాదీ అంతే అనుకోండి. మామగారి పరువు స్కేలు మీద వేలాడుతోంది మరి.

మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. పాత డ్రైవరు దారం ఎప్పుడు లాగేవాడు? పొద్దున్న ఖాళీ మిల్లులో ఒకసారి, ధాన్యం పోసి బరువు పడ్డాక ఇంకోసారి. బరువు పడితే బోల్టు వదులైన దిమ్మ కదిలేది, కదిలితే చక్రం ఓరవాటం అయ్యేది. నిలబడ్డ బండిని కొలిస్తే ఏం తెలుస్తుంది?

గునపం లాంటి ఇనప కడ్డీ ఒకటి తీసుకుని, ఇంజను కింద చెక్క ఆనించి మెల్లిగా ఎత్తి చూడమన్నాను. ఇంజను ఒకవైపు అమాంతం వేలెడు మందం లేచింది. ఇంజనుని పట్టుకుని ఉండే రబ్బరు దిమ్మలు నాలుగింట్లో ఒకటి నిలువునా చీలిపోయి ఉంది. మామూలుగా నిలబడ్డప్పుడు చీలిక మూసుకునే ఉంటుంది, కొలత బాగానే వస్తుంది. కొండ ఎక్కేటప్పుడు బెల్టు బలంగా లాగితే ఇంజను మెడ తిప్పుతుంది, బెల్టు ఒక అంచు మీద నడుస్తుంది. అది చాలదన్నట్టు, వెనక పళ్ళెం ఇరుసుకి రెండో బెల్టు దారాలు గుప్పెడు చుట్టుకుని ఉన్నాయి. పట్టకారుతో లాగుతుంటే సేమ్యాలా వచ్చాయి. 720 డాలర్ల బెల్టులు బలైతే, తలకొట్టింది ఈ రబ్బరు ముక్క!

దిమ్మ మొదట చీలిందా, మొదటి బెల్టు పేలిన అదురుకి చీలిందా అన్నదాని మీద మామా అల్లుళ్ళం మూడు రోజులు వాదించుకున్నాం. ఆయన ఎగిరి దూకించడం వల్ల అని నా అభిప్రాయం. ఆయన అభిప్రాయం అది కాదు.

దిమ్మ మార్పించారు. పళ్ళేల మీద అంటిన రబ్బరు మసిని గరుకు పీచుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచారు. కొత్త బెల్టు మీద అచ్చులోంచి వచ్చేటప్పుడు అంటిన జిడ్డు పోవాలంటే గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడగాలి. ఆ కడగడం ఆయన వంటింటి తొట్టిలో పెట్టుకున్నారు, అమ్మాయి ఇడ్లీ పళ్ళేల పక్కన. అప్పుడు జరిగింది ఇక్కడ రాయను. మొదటి 50 మైళ్ళూ చదును దారిలో, వేగం మారుస్తూ, తొందరపడకుండా నడపాలన్నారు. కొత్త చెప్పులు తొడుక్కుని ఎవరైనా తిరపతి కొండ ఎక్కుతారా?

ఇప్పుడాయన మధ్యమధ్య ఆగి పక్క మూత తీసి, ఇంజను ఆపి, పళ్ళెం మీద చెయ్యి పెట్టి చూస్తారు. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే చల్లారేదాకా బయల్దేరరు. సంచిలో రెండు బెల్టులు. ఆ బెల్టుతో ఫిబ్రవరి నెలాఖరుకి 400 మైళ్ళు నడిచారు. అమ్మాయి పెట్టిన షరతు ఏమిటంటే, మూడింటికి కొండమీద ఆకాశం కనిపించేచోట నిలబడి కబురు పంపాలి. పంపుతున్నారు. ఒకసారి అయిదు నిమిషాలు ఆలస్యమైంది. ఆ అయిదు నిమిషాల్లో మా అమ్మాయి మొహం నేను చూశాను.

తిరిగొచ్చే విమానంలో నేనీ కథంతా పక్కసీటాయనకి చెబుతున్నాను. మా ఆవిడ నిద్రపోతోందనుకున్నాను. ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, “ఏమండీ, నేను రోజూ గుడికి వేసుకెళ్ళే స్కూటరుకి బెల్టు ఎప్పుడు మార్పించారు?” అంది.

ఆ స్కూటరు కొన్నది 2014లో. రేపు పొద్దున్నే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తున్నాను. అంచేత జాడీ మూతల సంగతి వచ్చేవారం.