ఆటోకు నోరు లేదు

రోడ్డు ప్రమాదం జరిగిన తరువాత గడిచే ప్రతి నిమిషమూ ప్రాణంతో సమానం. ఆ నిమిషాలు వృథా కాకుండా ఐరోపా దేశాలు ఒక ఏర్పాటు చేసుకున్నాయి. 2018 మార్చి 31 నుంచి అక్కడ ఆమోదం పొందే ప్రతి కొత్త రకం కారులోనూ ఒక పరికరం తప్పనిసరి. కారు గట్టిగా గుద్దుకుంటే, అది తనంతట తానే 112కు ఫోను చేసి, కారు ఎక్కడున్నదో తెలుపుతుంది. డ్రైవరు స్పృహ తప్పినా కబురు ఆగదు.

మన దేశంలోనూ 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బస్సులు, టాక్సీలలో వాహనం జాడ తెలిపే పరికరం, ఆపదలో నొక్కే మీట వుండాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఆటోలకు, మోటారు సైకిళ్ళకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. పల్లె జనం సంతకు, ఆసుపత్రికి, కూలి పనికి వెళ్ళేది ఎక్కువగా వీటి మీదనే!

కనుక మన దారుల్లో ఆ కబురు చెప్పవలసింది చూసిన మనిషే. 108కి ఫోను చేసి, ఊరి పేరు, దగ్గరి కిలోమీటరు రాయి మీది అంకె చెబితే అంబులెన్సుకు వెతుకులాట తప్పుతుంది. కేసు చుట్టుకుంటుందని జంకనక్కరలేదు. సదుద్దేశంతో సాయపడిన వారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ కల్పించింది. పేరు, చిరునామా చెప్పి తీరాలని వారిని బలవంతం చేయరాదు.

అయితే పొదలు కమ్మిన రాయి, అంకె చెరిగిన రాయి ఎవరికి దారి చూపగలదు? రోడ్లు భవనాల శాఖ ఆ రాళ్ళకు వెంటనే రంగు వేయించాలి. పంచాయతీలు మలుపుల వద్ద ఊరి పేరు బోర్డులు నిలపాలి. ఆటోలకు కూడా చవకగా ఆ పరికరం అందే మార్గాన్ని ప్రభుత్వం ఆలోచించాలి. పేదవాడు ఎక్కే బండి కూడా ఆపదలో నోరు విప్పగలగాలి.